కదిలే కణాలతో యంత్రం కట్టాలంటే బుద్ధిని ఎక్కడ పెట్టాలి?

కణయాత్రి

సాఫ్ట్‌వేర్ నా వృత్తి. భౌతికశాస్త్రం డిగ్రీతో ఆగిపోయింది. ఈ మధ్య క్రియాశీల పదార్థాల గురించి చదవడం మొదలుపెట్టాక వదలబుద్ధి కావడం లేదు. బ్యాక్టీరియా గుంపు, జీవకణంలోని ప్రోటీన్ తంతువులు, రసాయన ఇంధనంతో ఈదే సూక్ష్మ గోళాలు, ఇలా ప్రతి కణమూ తనంతట తాను శక్తిని ఖర్చుచేస్తూ కదిలే పదార్థాలు.

వీటితో పనికొచ్చే వ్యవస్థ కట్టాలనుకుందాం. చెల్లాచెదురుగా ఉన్న పూసలను ఒకచోటికి చేర్చే గుంపు కావచ్చు, పంపు లేకుండా కాలువలో తానే పారే ద్రవం కావచ్చు. దాని రూపకల్పనను మెషీన్ లెర్నింగ్‌కు అప్పగించవచ్చా? నాకు ప్రయోగశాల లేదు, ఒక గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ ఉంది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో, అంటే చేసి చూసి వచ్చిన రివార్డును బట్టి నేర్చుకునే పద్ధతితో, చిన్న చిన్న ఆటలు నేర్పించిన అనుభవం ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

స్నిగ్ధత

కణయాత్రి గారూ, మంచి ప్రశ్న. అల్గారిథం సంగతికి ముందు ఒక మాట. ఇక్కడ రూపకల్పన ఎందుకు కష్టమో తెలిస్తే ఏ అల్గారిథం వాడాలో సగం తేలిపోతుంది.

మామూలు పదార్థం సమతాస్థితికి చేరుతుంది. స్వేచ్ఛా శక్తి ఎక్కడ కనిష్ఠమో అక్కడ ఆగుతుంది. కణాల మధ్య ఆకర్షణ వికర్షణలను మనం నిర్ణయిస్తే, ఏ అమరిక ఎంత సంభావ్యతతో వస్తుందో బోల్ట్జ్‌మన్ సూత్రం చెప్పేస్తుంది. క్రియాశీల పదార్థానికి ఈ ఆధారం లేదు. అది నిరంతరం శక్తిని తింటూ, వేడిగా విడుస్తూ ఉంటుంది. చివరికి ఏ స్థితిలో స్థిరపడుతుందన్నది కణాలు ఎలా కదులుతాయి, గోడ ఏ ఆకారంలో ఉంది, ద్రవం ఎంత చిక్కగా ఉంది అన్న వాటన్నిటి మీదా ఆధారపడుతుంది. ఒకదాన్నొకటి నెట్టుకోవడం తప్ప ఏ ఆకర్షణా లేని కణాలు కూడా, రద్దీలో వేగం తగ్గుతుందన్న ఒక్క కారణంతో, దట్టమైన ముద్దగానూ పలుచని ఆవిరిగానూ విడిపోతాయి. సమతాస్థితి తర్కంతో దీన్ని ఊహించలేం.

ఇందులో నష్టమే కాదు, లాభమూ ఉంది. 2010లో రెండు బృందాలు ఒక ప్రయోగం చేశాయి. రంపపు పళ్లున్న సూక్ష్మమైన గేరును బ్యాక్టీరియా నిండిన ద్రవంలో వేస్తే అది ఒకే దిశలో, నిమిషానికి ఒకటి రెండు చుట్ల వేగంతో తిరిగింది. బ్యాక్టీరియా ఏ దిశనూ ఎంచుకోలేదు. గోడను తాకిన ప్రతి బ్యాక్టీరియా దాని వెంట జారి పంటి మూలలో ఇరుక్కుంటుంది, ఈదడం మాత్రం ఆపదు. ఆ నొక్కుడే గేరును తిప్పుతుంది. సమతాస్థితిలో ఉన్న ద్రవంలో ఇదే గేరు అటూ ఇటూ కంపిస్తుంది తప్ప ఒక దిశలో తిరగదు, ఉష్ణగతిక రెండో నియమం ఒప్పుకోదు.

ఇక్కడ మన చేతిలో ఉన్నది పంటి ఆకారం ఒక్కటే. రూపకల్పన అంతా ఆ వంకలోనే ఉంది.

సందేహి

స్నిగ్ధత గారు చెప్పిన గేరునే తీసుకుందాం. అందులో మెషీన్ లెర్నింగ్ ఎక్కడ ఉంది? మనిషి ఆలోచించాడు, రంపపు పన్ను గీశాడు, పని అయిపోయింది. 1995లో విచెక్ బృందం ఇచ్చిన నమూనా ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: చుట్టుపక్కల వాళ్ల సగటు దిశలో, కొంచెం తడబాటుతో, నడువు. పక్షుల మందను తలపించే ప్రవర్తన మొత్తం అందులోంచే వచ్చింది. అదే ఏడాది టోనర్, తూ దానికి సమీకరణాలు రాశారు. లక్షల పరామితులు, అంటే సర్దుబాటు చేసే సంఖ్యలు, ఉన్న న్యూరల్ నెట్‌వర్క్ దేనికండీ? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాదా?

బీజగణితం

> మనిషి ఆలోచించాడు, రంపపు పన్ను గీశాడు

ఆ పన్ను పనిచేసింది. అదే అత్యుత్తమమైన పన్ను అని ఎవరు చెప్పారు? బ్యాక్టీరియా సాంద్రత రెట్టింపైతే? పొడుగాటి కణాల బదులు గుండ్రటి కణాలుంటే? నాలుగైదు పరామితులు కలిసి పనిచేసేచోట మనిషి ఊహ త్వరగా అలసిపోతుంది. వెతకడానికి యంత్రం కావలసింది అప్పుడే.

కప్ప జీవకణాలతో కట్టిన జెనోబాట్‌ల సంగతి చూడండి. 2020లో మొదటి పత్రం వచ్చింది. చర్మకణం, గుండె కండరకణం అనే రెండు రకాల ఇటుకలను ఎలా పేరిస్తే ముద్ద ముందుకు పాకుతుందో పరిణామ అల్గారిథం, అంటే మేలైనవాటిని మిగిల్చి కొద్దిగా మార్చి మళ్లీ పరీక్షించే పద్ధతి, సిమ్యులేషన్‌లో వేలాది ఆకారాలు వేసి వెతికింది. ఎంపికైనవాటిని సూక్ష్మదర్శిని కింద చేత్తో కట్టి చూశారు. 2021 పత్రం నాకు ఇంకా నచ్చింది. ఈ ముద్దలు గిన్నెలో విడిగా ఉన్న జీవకణాలను కుప్పగా నెడితే, ఆ కుప్పలు కొత్త ముద్దలుగా ఎదుగుతున్నాయి. గోళాకారపు తల్లి ముద్దలతో ఈ వరస త్వరగా ఆగిపోతోంది. ఏ ఆకారమైతే మరిన్ని తరాలు సాగుతుందని అల్గారిథాన్ని అడిగితే, ఒకవైపు నోరు తెరిచినట్టున్న అర్ధచంద్రాకారం ఇచ్చింది. చూశాక ఎవరికైనా సహజంగానే అనిపిస్తుంది, విడి కణాలు ఆ నోట్లో పోగవుతాయి కదా అని. చూడకముందు గీసినవాళ్లు లేరు.

జీవతంతు

చిన్న సవరణ. 2021 పనిలో కండరకణాలు లేవు, చర్మంగా మారే జీవకణాలే. పాకడం కండరంతో కాదు, ఉపరితలం మీది సీలియా అనే సన్నని వెంట్రుకల ఊపుతో. ఒక్కో ముద్దలో సుమారు 3,000 జీవకణాలు. ఆ తేడా ఈ చర్చకు అవసరమే. సీలియా ఎలా ఊగాలో అల్గారిథం చెప్పలేదు, అది జీవకణానికి పుట్టుకతో తెలిసిన విద్య. అల్గారిథం బయటి ఆకారాన్ని మాత్రం మార్చింది.

ప్రయోగశాల_మూల

అందరూ ఆకారాలు గీస్తున్నారు. నేను ప్రయోగాల బల్ల దగ్గర కూర్చునేవాణ్ని కాబట్టి మరలు, అంటే బయటినుంచి వ్యవస్థను అదుపుచేసే మీటలు, ఎక్కడున్నాయో చెబుతాను. ఏ పదార్థంతో వ్యవస్థ కట్టాలన్నా మొదటి ప్రశ్న అదే: మీరు తిప్పగలిగిన మర ఏది?

బ్యాక్టీరియా గేరులో ఆకారం కాక మరో మర ఉంది, ఆక్సిజన్. అది తగ్గిస్తే ఆ రెండు బృందాల్లో ఒకటి వాడిన జాతి ఈదడం మందగిస్తుంది, గేరూ మందగిస్తుంది. ఒక ముఖానికి ప్లాటినం పూసిన గోళాలైతే ద్రవంలో కలిపే హైడ్రోజన్ పెరాక్సైడ్ మోతాదే మర. అది ఖర్చవుతూ ఉంటుంది, బుడగలు వస్తాయి, పొద్దున ఉన్న వేగం సాయంత్రం ఉండదు. క్వింకె చక్రకణాలది ఇంకో కథ. నూనెలో ప్లాస్టిక్ గోళాలు, పైనా కిందా ఎలక్ట్రోడ్లు. విద్యుత్ క్షేత్రం ఒక హద్దు దాటగానే గోళాలు దొర్లడం మొదలుపెడతాయి. 2013లో బార్తోలో బృందం వీటితో లక్షల కణాల మందను ఒక వలయంలో నడిపించింది. మర బాగుంది, కానీ మొత్తం మందకంతా ఒక్కటే మర.

చోటుచోటుకూ వేరుగా తిప్పాలంటే ఇప్పటికి మన చేతిలో ఉన్న మంచి సాధనం వెలుగు. కైనెసిన్ అనే మోటారు ప్రోటీన్లు మైక్రోట్యూబ్యూల్ తంతువుల మీద నడుస్తూ వాటిని లాగుతాయి, ఒక్కో అడుగు 8 నానోమీటర్లు, ఇంధనం జీవకణాలు వాడే ఏటీపీ అణువు. డోగిక్ బృందం 2012లో చూపిన క్రియాశీల ద్రవం ఇదే. 2019లో కాల్‌టెక్ పరిశోధకులు వెలుగు పడినప్పుడే జతకట్టే ప్రోటీన్ ముక్కలను ఈ మోటార్లకు అతికించారు. ప్రొజెక్టర్‌తో ఎక్కడ వెలుగు వేస్తే అక్కడ మోటార్లు జతపడి తంతువులను లాగుతాయి. వెలుగు తీసేస్తే విడిపోతాయి.

కణయాత్రి గారు అడిగిన, తానే పారే ద్రవం కూడా ఇదే ముడిసరుకుతో 2017లో వచ్చింది. వలయాకారపు కాలువ అడ్డుకోత వెడల్పూ ఎత్తూ దగ్గరదగ్గరగా ఉంటే కల్లోలం సర్దుకుని ద్రవం ఒకే దిశలో పారింది. ఏ దిశ అన్నది మొదట కాకతాళీయమే. గోడకు రంపపు గాట్లు పెడితే దిశ కూడా మన చేతికి వచ్చింది. అక్కడా మెషీన్ లెర్నింగ్ లేదు, సందేహి గారు సంతోషించవచ్చు.

కణయాత్రి

వెలుగు మర అనగానే నాకు అర్థమైన దారి ఒకటే: కెమెరా చూస్తుంది, నెట్‌వర్క్ నిర్ణయిస్తుంది, ప్రొజెక్టర్ వెలుగు వేస్తుంది, పని జరిగితే రివార్డు. ఇది ఎవరైనా చేశారా?

బీజగణితం

చేశారు. ఒక్క కణంతో, నిజమైన ప్రయోగంలో, లైప్‌జిగ్‌లో. పత్రం 2021లో వచ్చింది. బంగారు నానోకణాలు అంటించిన సూక్ష్మ గోళం అంచు మీద లేజర్ వేస్తే ఆ పక్క వేడెక్కి గోళం కదులుతుంది. లేజర్ ఏ అంచున వేస్తే దాన్నిబట్టి దిశ. తలాన్ని 5×5 గళ్లుగా విడగొట్టారు, ఒక్కో గడి నుంచి ఎనిమిది దిశలు, గమ్యం ఒక గడి. లోతైన నెట్‌వర్క్ కూడా కాదు, క్యూ-లెర్నింగ్ పట్టిక, ఏ గడిలో ఏ దిశ ఎంత లాభమో రాసుకునేది. మీరు ఆటల్లో చేసిందే. తేడా ఏమిటంటే ఇక్కడ కణం తడబడుతుంది. దిశ చెప్పినా బ్రౌనియన్ చలనం, అంటే ద్రవపు అణువుల తాకిడి, పక్క గడిలోకి తోసేస్తుంది. వాళ్లు తేల్చిన ముఖ్య విషయం నేర్చుకున్న దారి ఈ తడబాటు పరిమాణాన్ని బట్టి మారుతుందని. అడుగుపెడితే శిక్షపడే గడి పక్కనుంచి పోయే దగ్గరి దారి, తడబాటు ఎక్కువైతే మంచి దారి కాదు కదా.

గుంపు విషయంలోనూ సిమ్యులేషన్లు ఉన్నాయి. క్రియాశీలతను చోటుచోటుకూ మార్చే వెలుగు నమూనాను రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో కనుక్కున్న పని అదే 2021లో వచ్చింది.

సందేహి

అంటే కెమెరా బయట, లేజర్ బయట, పట్టిక బయట. కణానికి ఏమీ తెలియదు, జ్ఞాపకం లేదు, నేర్పు లేదు. తోలుబొమ్మను ఆడించి బొమ్మ నాట్యం నేర్చుకుందంటే ఎలా? ఒక్క కణానికి ఒక లేజరు, ఒక సూక్ష్మదర్శిని, ఒక కంప్యూటరు. దీన్ని తెలివైన పదార్థం అనడానికి నాకు మనసొప్పదు. రక్తనాళాల్లో మందు మోసుకుపోయే ఈతగాళ్లంటూ రాసేవాళ్లు ఆ నాళంలో కెమెరా ఎక్కడ పెడతారో చెప్పరు.

స్నిగ్ధత

సందేహి గారి మాటలో పదును ఉంది, దాన్ని తీసిపారేయకూడదు. బుద్ధిని ఎక్కడ పెట్టాలన్నదే అసలైన రూపకల్పన నిర్ణయం అనుకుంటాను. బయటి కంప్యూటర్‌లో పెట్టవచ్చు, కణం ఆకారంలోనో గోడ ఆకారంలోనో పెట్టవచ్చు, పరిమాణం అనుమతిస్తే కణంలోనే పెట్టవచ్చు. మెషీన్ లెర్నింగ్ మూడు చోట్లా పనికొస్తుంది, ఒక్కోచోట ఒక్కోలా.

బయట పెడితే ఎదురయ్యే అడ్డంకిని లెక్కవేసి చూద్దాం. నీటిలో 1 మైక్రాన్ వ్యాసార్థమున్న గోళాన్ని తీసుకోండి. బ్రౌనియన్ తాకిడికి అది తన దిశను మరచిపోవడానికి గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 6 సెకన్లు పడుతుంది. ఈ కాలం వ్యాసార్థపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వ్యాసార్థం సగం చేస్తే కాలం ఎనిమిదో వంతు, అంటే సెకను కూడా లేదు. పదోవంతు చేస్తే వెయ్యోవంతు, మిల్లీసెకన్లు. కెమెరా చిత్రం తీసి, కంప్యూటర్ దాన్ని చదివి, వెలుగు పడేలోపు కణం తిరిగిపోయి ఉంటుంది. ఆలస్యమైన సమాచారంతో ఇచ్చే ఆజ్ఞ, ఆజ్ఞ లేకపోవడం కంటే హీనం కావచ్చు. కాబట్టి బయటి బుద్ధి మైక్రాన్ల స్థాయి దాకా బాగా నడుస్తుంది, అంతకన్నా కిందికి దిగితే బుద్ధిని పదార్థంలోనే దించక తప్పదు.

ఒక పక్కదారి మాట. దీనికి ఉష్ణగతిక శాస్త్రంలో పాత చుట్టమే ఉంది, మాక్స్‌వెల్ భూతం: వేగంగా పోయే అణువులనూ మెల్లగా పోయే అణువులనూ ఒక తలుపు దగ్గర వేరుచేసే ఊహా జీవి. చూసి, గుర్తుపెట్టుకుని, తలుపు తెరిచే భూతానికి సమాచారం ఊరికే రాదు. కణం బయట పెట్టిన బుద్ధికి కూడా ఆ ఖర్చు ఉంది, కంప్యూటర్‌కు వచ్చే విద్యుత్తు దాన్ని భరిస్తోంది కనుక మనకు కనబడదు.

జీవతంతు

కణంలోనే బుద్ధి పెట్టడానికి పరిమాణం పెద్దదైతే చాలు. 2014లో 1,024 కిలోబాట్‌లతో ఆకారాలు కట్టించారు, ఒక్కొక్కటి కొన్ని సెంటీమీటర్ల రోబో, పక్కవాళ్లతో పరారుణ కాంతితో మాట్లాడుకుంటుంది. 2023లో వచ్చిన పనిలో వాటికి త్రీడీ ప్రింటర్‌తో చేసిన తొడుగులు వేశారు. తొడుగు ఆకారాన్ని బట్టి, పక్కది నెట్టినప్పుడు రోబో నెట్టిన దిశకు తిరుగుతుంది, లేదా ఎదురు తిరుగుతుంది. ఆ పైన రోబోలు తమలో తాము నేర్చుకున్నవి పంచుకుంటూ వెలుగు వైపు వెళ్లడం నేర్చుకున్నాయి. శరీరమే సగం పని చేస్తే మెదడుకు పని తగ్గుతుంది. జీవశాస్త్రంలో ఇది కొత్త సంగతేమీ కాదు.

కణయాత్రి

లెక్క చూశాక నా కెమెరా ప్రణాళిక కొంచెం చల్లబడింది. సరే, బుద్ధిని ఆకారంలో పెడదాం. ఒక గోడ ఆకారాన్ని కొన్ని పరామితులుగా రాసి, సిమ్యులేషన్ మొత్తాన్ని అవకలనం చేయగలిగేలా రాస్తే గ్రేడియెంట్, అంటే ఏ పరామితిని ఎటు మారిస్తే ఫలితం మెరుగవుతుందో చెప్పే వాలు, నేరుగా వస్తుంది కదా? అవకలనీయ అణుచలన లైబ్రరీలు ఉన్నాయి. న్యూరల్ నెట్‌వర్క్‌లకు చేసే పనే ఇక్కడా చేయలేమా?

బీజగణితం

చేయవచ్చు, కొంతదూరమే. ఈ వ్యవస్థలు గందరగోళ స్వభావం ఉన్నవి. మొదట్లో కణం స్థానంలో వచ్చిన అతిచిన్న తేడా కాలంతోపాటు ఘాతీయంగా పెరుగుతుంది. సిమ్యులేషన్ నిడివి పెరిగేకొద్దీ మీ గ్రేడియెంట్ కూడా అలాగే పేలిపోతుంది. మీకు కావలసింది గేరు సగటు వేగం, అది ఆకారంతోపాటు నెమ్మదిగా మారే రాశే. గ్రేడియెంట్ మాత్రం ఒక్కొక్క కణం తాకిడికీ ఊగిపోతుంది. అందుకే ఎక్కువమంది రెండిట్లో ఒకటి చేస్తారు. చిన్న చిన్న కాలవ్యవధులకే గ్రేడియెంట్ తీసి చాలా పరుగుల మీద సగటు వేస్తారు, లేదా గ్రేడియెంట్ జోలికే పోకుండా పరిణామ వ్యూహాలు వాడతారు. పది పన్నెండు పరామితుల పంటి ఆకారానికి రెండోది హాయిగా సరిపోతుంది. ఒక్కో ఆకారాన్ని వేర్వేరు యాదృచ్ఛిక మొదళ్లతో (రాండమ్ సీడ్‌లతో) నడపండి, గ్రాఫిక్స్ కార్డు అక్కడ అక్కరకొస్తుంది.

రెండో సంగతి, అల్గారిథం దొంగది. మీరు అడిగింది కాదు, రివార్డులో రాసింది ఇస్తుంది. సిమ్యులేషన్‌లో కాలపు అంగ, అంటే ఒక లెక్క నుంచి తర్వాతి లెక్కకు దూకే వ్యవధి, కాస్త పెద్దదైతే కణం గోడలోకి చొచ్చుకుపోతుంది, మరుసటి అంగలో గోడ దాన్ని విపరీతమైన బలంతో బయటికి విసురుతుంది. అలా శూన్యంలోంచి పుట్టే శక్తిని అల్గారిథం వాసన పట్టి, సూదిలాంటి పళ్లు గీస్తుంది. అవి బ్రహ్మాండంగా తిరుగుతాయి, మీ కంప్యూటర్‌లో మాత్రమే. ఏ విజేత ఆకారాన్నైనా అంగను సగానికి తగ్గించి మళ్లీ నడపండి. వేగం మారితే ఆ విజేతను పారేయండి.

ప్రయోగశాల_మూల

దీనికి తోడు నాదో మాట. సిమ్యులేషన్‌లో కణాలన్నీ కవలలు. బల్ల మీద ఏ రెండు గోళాలకూ పూత ఒకేలా ఉండదు. కొన్ని వేగంగా పోతాయి, కొన్ని చుట్లు తిరుగుతాయి, కొన్ని అడుగున అతుక్కుని కదలనే కదలవు. శిక్షణ సమయంలోనే వేగాన్నీ, తడబాటునూ, వంకరగా తిరిగే గుణాన్నీ కణం కణానికీ మార్చి వేయండి. కదలని కణాలు కూడా కొన్ని కలపండి. రోబో పరిశోధకులకు ఇది పాత అలవాటే.

ఇంకొకటి, చాలామంది ద్రవాన్నే మరచిపోతారు. ఈదే ప్రతి కణమూ చుట్టూ ద్రవాన్ని కదిలిస్తుంది, ఆ ప్రవాహం పక్క కణాన్ని తిప్పుతుంది, గోడ దగ్గర ఇంకా ఎక్కువ. పొడి నమూనా, అంటే ద్రవ ప్రవాహం లేని నమూనాలో గెలిచిన రూపం తడిలో ఓడిపోవచ్చు.

సందేహి

> పొడి నమూనాలో గెలిచిన రూపం తడిలో ఓడిపోవచ్చు

అయితే సరైన సమీకరణం ముందు కావాలి. అది ఉంటే లెర్నింగ్ అవసరం చాలావరకు ఉండదు, లేకపోతే లెర్నింగ్ ఫలితాన్ని నమ్మలేం. నేను మొదటినుంచీ అంటున్నది ఇదే.

స్నిగ్ధత

ఆ రెండిటి మధ్యే చాలా మంచి పని జరుగుతోంది, సందేహి గారూ. సమీకరణాన్నే డేటా నుంచి రాబట్టడం. 2016లో బ్రంటన్, ప్రాక్టర్, కుట్జ్ చూపిన పద్ధతి తీరు ఇది. సమీకరణంలో ఉండదగ్గ పదాలన్నిటినీ ముందే ఒక జాబితాగా రాసుకుంటారు: సాంద్రత, దాని ప్రవణత, వేగపు వర్గం, ఇలా. తర్వాత డేటాకు సరిపోయేలా వీలైనన్ని తక్కువ పదాలను మిగల్చమంటారు. వచ్చేది న్యూరల్ నెట్‌వర్క్ అనే మూసిన పెట్టె కాదు, కాగితం మీద రాసుకోగల సమీకరణం. క్రియాశీల ద్రవ స్ఫటికాల మీదా, ప్రయోగశాల_మూల గారు చెప్పిన క్వింకె కణాల మీదా ఈ తరహా పనులు 2022, 2023లలో వచ్చాయి.

రెండు చిక్కులు. సమీకరణంలో అవకలజాలు ఉంటాయి, కెమెరా డేటాలో రొద ఉంటుంది. రొదను అవకలనం చేస్తే రొదే పెరుగుతుంది. అందుకని సమీకరణాన్ని చిన్న చిన్న ప్రాంతాల మీద సమాకలనం చేసి, అవకలజాన్ని మనం ఎంచుకున్న నునుపైన ప్రమేయం మీదికి నెట్టేస్తారు. పాత గణిత చిట్కాయే, ప్రాణం పోస్తుంది.

రెండోది సౌష్ఠవం. ఈ ఒక్క విషయాన్ని కణయాత్రి గారు పట్టుకుంటే చాలా శ్రమ తప్పుతుంది. మైక్రోట్యూబ్యూల్ కట్టల దిశను కొలిస్తే తల ఏదో తోక ఏదో తేడా ఉండదు. 10 డిగ్రీలూ 190 డిగ్రీలూ ఒకే దిశ. కోణాన్ని అలాగే నెట్‌వర్క్‌కు ఇస్తే, ఒకే చిత్రాన్ని అది రెండు వేర్వేరు చిత్రాలుగా చూస్తుంది. 179 నుంచి 1కి మారే చోట లేని అగాధాన్ని ఊహించుకుంటుంది. కోణానికి బదులు రెండింతల కోణపు కొసైన్, సైన్ ఇవ్వండి, సమస్యే పుట్టదు. అలాగే బల్ల తిప్పితే భౌతికశాస్త్రం మారకూడదు. తిప్పిన చిత్రానికి తిప్పిన జవాబే ఇచ్చే నిర్మాణం నెట్‌వర్క్‌లోనే ఉంటే, దాన్ని డేటా నుంచి నేర్పించే పని తప్పుతుంది. ప్రయోగాల్లో డేటా ఎప్పుడూ తక్కువే కనుక ఇది పెద్ద ఆదా.

ఈ సౌష్ఠవం నుంచే ఒక అందమైన సంగతి వస్తుంది, చెప్పకుండా ఉండలేను. ఆ తంతువుల దిశల్లో అమరిక చెదిరే బిందువులుంటాయి, లోపాలు అంటాం. అర్ధ ధన (+½) లోపం తోకచుక్కలా ఉంటుంది, ఒక తల, ఒక తోక. దానికి దిశ ఉంది కాబట్టి తనంతట తాను పరుగెత్తుతుంది. అర్ధ రుణ (−½) లోపానికి మూడు చేతులు సమానంగా ఉంటాయి. ఏ వైపుకు కదలాలో చెప్పే దిశ ఏదీ దానికి లేదు, అందుకే తనంతట తాను ఎటూ పోదు, ప్రవాహం మోసుకుపోవాల్సిందే. రూపకల్పన చేసేవాళ్లకు ఇది వరం: లక్షల తంతువులను వదిలేసి, పదుల సంఖ్యలో ఉండే ఈ లోపాలను నడిపితే ద్రవాన్ని నడిపినట్టే. వెలుగుతో వాటికి దారులు వేసే పనులూ వచ్చాయి. నెట్‌వర్క్ చూసి నిర్ణయించడానికి మొత్తం చిత్రం ఇవ్వాలా, లోపాల స్థానాలు ఇవ్వాలా అంటే నేను రెండోదానికే మొగ్గుతాను.

బీజగణితం

రెండోదానితో నేను పూర్తిగా ఏకీభవించను. లోపాలు పుడతాయి, జతలుగా ఢీకొని మాయమవుతాయి. నెట్‌వర్క్‌కు ఇచ్చే జాబితా పొడవు క్షణక్షణం మారే చోట శిక్షణ చికాకు. చిత్రమే ఇచ్చి, సౌష్ఠవాన్ని నిర్మాణంలో పెట్టడం నాకు సులువు. ఇది అభిరుచి భేదం అనుకోండి.

స్నిగ్ధత

అభిరుచి భేదమే. కానీ లోపాలతో నేర్చిన విధానం ఎందుకు పనిచేసిందో చదివి అర్థం చేసుకోవచ్చు, మీ చిత్రంతో నేర్చినదాన్ని చదవలేం.

సందేహి

సమీకరణాన్ని రాబట్టే పద్ధతికి నా అభ్యంతరం లేదు. చివర కాగితం మీద ఏదో మిగులుతుంది కనుక. అయితే కణయాత్రి గారికి ఒక షరతు. యంత్రం గీసిన పంటిని మామూలు రంపపు పంటితో పోల్చకుండా ఫలితం చెప్పకండి. అదే సంఖ్యలో ఆకారాలను గుడ్డిగా యాదృచ్ఛికంగా గీసి, అందులో మేలైనదానితో కూడా పోల్చండి. ఈ రెండో పోలిక చాలా పత్రాల్లో నాకు కనబడలేదు.

కణయాత్రి

ఒప్పుకున్నాను. ఇప్పటివరకు అందరూ చెప్పినదాన్నిబట్టి నా ఆలోచన ఇది. గేరుతో మొదలుపెడతాను: రెండు కొలతల తలం, పొడుగాటి కణాలు, పంటి వంకను కొన్ని పరామితులుగా రాయడం, పరిణామ వ్యూహంతో వెతకడం. కణం కణానికీ వేగంలో తేడా, కొన్ని కదలని కణాలు. విజేతలను సగం అంగతో మళ్లీ నడపడం. సందేహి గారి రెండు పోలికలు. ఆ తర్వాత, శిక్షణలో చూపని సాంద్రత దగ్గర పరీక్ష. ఇందులో రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ లేనేలేదు, నాకు వచ్చిన ఒకే విద్య అది. అదొక్కటే వెలితి.

స్నిగ్ధత

ఆ వెలితి తీరే చిన్న సమస్య ఉంది. 1977లో భౌతికశాస్త్రవేత్త పర్సెల్ చెప్పిన మాట: అంత సూక్ష్మ స్థాయిలో జడత్వం లెక్కలోకి రాదు, కాబట్టి ముందుకు చేసిన కదలికనే వెనక్కి తిప్పి చేసే ఈతగాడు ఉన్నచోటే ఉంటాడు. ఆల్చిప్పలా తెరిచి మూస్తే లాభం లేదు. 2004లో నజఫీ, గొలెస్తానియన్ దీనికి అతి సులువైన ఈతగాణ్ని ఇచ్చారు: ఒకే గీత మీద మూడు గోళాలు, వాటిని కలిపే రెండు చేతులు. ఒక్కో చేయి పొడుగ్గానో పొట్టిగానో ఉంటుంది. మొత్తం నాలుగు స్థితులు, ప్రతి స్థితి నుంచి రెండు చర్యలు. నాలుగు స్థితుల్నీ ఒకే వరసలో చుట్టి వస్తే ముందుకు పోతాడు, వచ్చిన దారినే తిరిగితే సున్నా. ఒక అడుగులో వెనక్కి పోయినా మొత్తం చుట్టులో లాభం వస్తుంది, కాబట్టి తక్షణ రివార్డు కోసం ఆశపడే అల్గారిథం ఇక్కడ ఇరుక్కుంటుంది, భవిష్యత్తుకు విలువ ఇచ్చేది ఈదడం నేర్చుకుంటుంది. క్యూ-లెర్నింగ్‌తో 2020లో చేసి చూపారు. మీకు ఒక సాయంత్రం పని. జవాబు ముందే తెలుసు కాబట్టి కోడ్ సరిగా ఉందో లేదో కూడా తేలిపోతుంది.

కణయాత్రి

ఇది భలే ఉంది. ముందు ఈతగాడు, తర్వాత గేరు. గేరు పంటి పరిమాణం ఎంత తీసుకోవాలో ఎవరైనా చెప్పగలరా? వెతికే హద్దులు పెట్టాలి కదా.

ప్రయోగశాల_మూల

మైక్రాన్లలో ఆలోచించకండి, నిష్పత్తిలో ఆలోచించండి. కణం దిశ మరచిపోయేలోపు ఎంతదూరం పోతుందో అది మీ కొలబద్ద, వేగాన్ని దిశ మరచిపోయే కాలంతో గుణిస్తే వస్తుంది. స్నిగ్ధత గారి 6 సెకన్ల గోళం సెకనుకు 5 మైక్రాన్లు పోతే 30 మైక్రాన్లు. పన్ను దానికంటే చాలా పెద్దదైతే కణం మూలను చేరకముందే దారి మళ్లుతుంది. కణం పొడవు కంటే చిన్నదైతే కణం పంటిలో పట్టదు. ఈ రెండు హద్దుల మధ్య వెతకండి. పళ్ల సంఖ్యను కూడా పరామితిగా వదిలేయండి, దాన్ని ముందే బిగించకండి.

బీజగణితం

కోడ్ పెట్టాక లంకె ఇక్కడే వేయండి. యాదృచ్ఛిక మొదళ్ల సంఖ్యలు కూడా జతచేస్తే మేమూ నడిపి చూస్తాం. తడి నమూనాను నేను ప్రయత్నిస్తాను.